డార్విన్ పాఠం, దశావతారాల పేచీ

తమ్ముడు: నమస్కారం. ఈ వారం అంశం, భక్తి ఉన్న డిగ్రీ పిల్లలకు జీవపరిణామం ఎలా చెప్పాలి అని. అక్క కాలేజీ స్టాఫ్‌రూమ్ నుంచి మాట్లాడుతోంది.

అక్క: ముందు ఒక మాట. నమ్మకం వదులుకోమని నేనెవర్నీ అడగను. జన్యుశాస్త్రవేత్త డాబ్‌జాన్‌స్కీ గురించి చెప్తాను. పరిణామం లేకుండా జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసినాయన దేవుణ్ని నమ్మిన మనిషే.

తమ్ముడు: మనవాళ్లకు అంత దూరం ఎందుకు? చేప, తాబేలు, వరాహం, నరసింహుడు... దశావతారాలతో మొదలెట్టు. జీవశాస్త్రవేత్త హాల్డేన్ అంతటివాడే, అవతారాల వరస పరిణామంలా ఉందని ఆ పోలిక తెచ్చాడు. ఆయన భౌతికకాయం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే...

అక్క: ఇచ్చారు. ప్రతిసారీ చెప్తావు. ఆ పోలిక వద్దురా. 2019 ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వీసీనే డార్విన్ కంటే దశావతారాలు మేలన్నారు.

తమ్ముడు: అది వేరు. నేననేది పిల్లల బెరుకు పోవడానికి.

అక్క: బెరుకు పోతుంది, పాఠం తప్పుగా ఎక్కుతుంది. అవతారాలు మెట్ల వరసలో వస్తాయి. పరిణామం కొమ్మలుగా చీలుతుంది. కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయని అడిగేది ఆ మెట్ల లెక్కతోనే. మనం చింపాంజీ నుంచి రాలేదు, ఇద్దరికీ పూర్వీకులు ఒకరే. పైగా విష్ణువు ఒక పని మీద దిగి వస్తాడు. ప్రకృతి వరణానికి, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాలు తరతరాలుగా నిలవడానికి, ముందే అనుకున్న గమ్యమంటూ ఉండదు. రెండూ కలిపితే పురాణానికీ అన్యాయమే.

తమ్ముడు: కానీ హాల్డేన్...

అక్క: హాల్డేన్ గురించి చెప్పాలంటే జనాభా జన్యుశాస్త్రంలో ఆయన వేసిన లెక్కలు చెప్పు! నా క్లాసులో చర్చికెళ్లేవాళ్లున్నారు, నమాజు చేసేవాళ్లున్నారు. అవతారాలతో మొదలెడితే వాళ్లేమైపోవాలి?

తమ్ముడు: ...మరి దేనితో మొదలెడతావు?

అక్క: జిరాఫీ నరంతో. మెదడు నుంచి స్వరపేటికకు పోవాల్సిన నరం గుండె దాకా దిగి, అక్కడి పెద్ద ధమనిని చుట్టుకుని, మళ్లీ మెడంతా ఎక్కి వస్తుంది. చేపలో దానికి దగ్గర దారే. మెడ సాగినకొద్దీ నరం కూడా సాగింది, దారి మారలేదు. బొమ్మ గీస్తే వెనక బెంచీ కూడా లేచి చూస్తుంది.

తమ్ముడు: చూస్తారు, పరీక్షలో రాస్తారు. నమ్ముతారా?

అక్క: నమ్మమని కాదు, ఆధారం చూడమని అడుగుతాను. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం తీసేశారు. ఆ పుస్తకం చదివి ఇంటర్‌లో బయాలజీ తీసుకోనివాళ్లకు ఇక ఎక్కడా తగలదు. అది తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

తమ్ముడు: మొన్న ఆత్మ గురించి అడిగిన అబ్బాయి?

అక్క: ఆత్మ ఎప్పుడొచ్చింది మేడమ్ అన్నాడు. అది బయాలజీ తేల్చే ప్రశ్న కాదన్నాను. ఒప్పుకోలేదు. రేపు మళ్లీ వస్తానన్నాడు.

తమ్ముడు: హాల్డేన్ అయితే...

అక్క: బెల్ కొట్టారు, నాకు క్లాసుంది.