ఫొటోని బొమ్మ చేస్తే పోలిక ఎటు పోతుంది?

అందరికీ నమస్కారం.

ఫొటో ఇస్తే పెయింటింగ్ చేసిచ్చే యాప్‌లు మీకు కొత్త కాదు. 2016లో ప్రిస్మా వచ్చినప్పుడు అందరం డీపీలు మార్చాం, 2025లో జపాన్ యానిమేషన్ స్టూడియో గిబ్లీ శైలి బొమ్మల వంతు వచ్చింది. వీటన్నిటికీ ముఖమే ఎందుకంత ఇబ్బంది పెడుతుందో ఇవాళ చూద్దాం.

2015లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాటిస్, ఎకర్, బెత్‌గే అనే ముగ్గురు పరిశోధకులు వీజీజీ-19 అనే న్యూరల్ నెట్‌వర్క్‌ని, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌ని, తీసుకున్నారు. దానికి బొమ్మలేయడం ఎవరూ నేర్పలేదు. ఫొటోలో ఉన్నది కుక్కా, కుర్చీనా అని గుర్తుపట్టడమే దాని చదువు. అది పొరలు పొరలుగా చూస్తుంది: కింది పొరల్లో అంచులు, రంగులు, పైకి వెళ్లేకొద్దీ ఆకారాలు. ఫొటోలో ఏముందో పై పొర నుంచి తీసుకున్నారు. శైలిని మాత్రం ఒక లెక్కగా పట్టుకున్నారు. ఏ లక్షణం ఏ లక్షణంతో కలిసి వస్తోంది, వంపు గీత ఉన్నచోట నీలం ఎంత తరచుగా ఉంటోంది, ఇలా. ఆ లెక్కలో 'ఎక్కడ' అన్న ప్రశ్నే లేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

వాళ్లు చూపించిన బొమ్మ నెకర్ నది ఒడ్డున ఉన్న ఇళ్లది. దానికి వాన్ గో పెయింటింగ్ 'స్టారీ నైట్'లోని సుడులు అద్దితే అద్భుతంగా వచ్చింది. ఇంటి కప్పు కాస్త వంగినా ఎవరికీ పట్టదు కదా! అదే కంటి కొస ఒక్క మిల్లీమీటరు జారితే, ఆ బొమ్మలో ఉన్నది మన పిన్ని కాదు.

అందుకే తర్వాత వచ్చినవాళ్లు ముఖాన్ని విడిగా చూడడం మొదలుపెట్టారు. నాకు బాగా నచ్చింది 2019లో వచ్చిన ఏపీడ్రాయింగ్‌గ్యాన్ అనే ప్రోగ్రామ్. ఫొటో నుంచి నలుపు-తెలుపు గీతల బొమ్మ తీయడం దాని పని. కళ్లకీ, ముక్కుకీ, నోటికీ, జుట్టుకీ వేర్వేరు చిన్న నెట్‌వర్క్‌లు, మొత్తం ముఖానికి ఇంకొకటి. దీనికోసం సేకరించింది 140 జతలే, శిక్షణకీ పరీక్షకీ కలిపి: ఒక ఫొటో, దాన్ని చూసి చిత్రకారుడు గీసిన బొమ్మ. ఇందులో ఒక చక్కటి చిక్కు వచ్చింది. చిత్రకారుడి గీత ఫొటోలోని అంచు మీద కచ్చితంగా పడదు, కొంచెం పక్కగా వెళ్తుంది. పిక్సెల్‌కి పిక్సెల్ పోల్చి మార్కులు వేస్తే మంచి గీత కూడా తప్పయిపోతుంది. వాళ్లు గీతకీ గీతకీ మధ్య దూరం కొలిచారు. కొంచెం జరిగితే చిన్న శిక్ష, బాగా జరిగితే పెద్ద శిక్ష. చెయ్యి తిరిగిన మనిషికి ఇచ్చే చనువు అల్గారిథమ్‌లోకి చేరింది.

అయినా బాపు గారి గీత వేరే సమస్య. అక్కడ వేసిన గీతలకన్నా వేయకుండా వదిలేసినవే ఎక్కువ. ఖాళీ కాగితం మీద రంగుల లెక్క ఏం కడతారు? పైగా ఫలానా ఫొటోకి ఫలానా బాపు బొమ్మ అని జతలు కూడా దొరకవు. జతలు లేకుండా నేర్పే పద్ధతులు ఉన్నాయి, 2017 నాటి సైకిల్‌గ్యాన్ అలాంటిదే. కానీ అది కూడా ఆకృతి కన్నా రంగు, గరుకుదనం మార్చడంలోనే గట్టిది. బాపు బొమ్మ అంటే ఆకృతే.

ఇక శిక్షణలో ఏ ముఖాలు ఉన్నాయన్నది ఇంకో గొడవ. 2019లోనే ఏఐ పోర్ట్రెయిట్స్ అని ఒక సైట్ వచ్చింది. సుమారు 45,000 పాత యూరప్ పోర్ట్రెయిట్లతో దానికి శిక్షణ ఇచ్చారు. చామనఛాయ వాళ్లు ఫొటో పెడితే తెల్లగా మారిపోయారు. నవ్వు కూడా మాయమైంది. ఆ కాలపు పోర్ట్రెయిట్లలో జనం పెద్దగా నవ్వరు మరి! సాఫ్ట్‌వేర్‌లో బగ్ లేదు, చూసిందే అది వేసింది.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు చేస్తే, మొదటి టెస్టుకి సినిమా హీరో ఫొటో పెట్టకండి. మీ ఇంట్లో పెద్దావిడ ఫొటో పెట్టండి, అదీ ఆవిడ ఒప్పుకున్నాకే. బొట్టు మచ్చ అనుకుని చెరిపేసిందా, ముక్కుపుడకని ముక్కులో కలిపేసిందా, రంగు ఎంత తేల్చేసింది, ఈ మూడూ చూడండి. తర్వాత బొమ్మని ఫొటో పక్కన కాకుండా విడిగా, ఇంట్లోవాళ్లకి చూపించి ఎవరో అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.