ఐస్ కరిగే వారంలో గాలం వేట

[దృశ్యం: ఉదయం ఏడు గంటలు. గడ్డకట్టిన చెరువు. మనిషి కనిపించడు, గునపం మొన ఒక్కటే కనిపిస్తుంది.]

ఈ చప్పుడు వినండి. టంగ్. టంగ్. బాగుంది. నాలుగడుగులు ముందుకెళ్ళి మళ్ళీ పొడుస్తాను. టప్. విన్నారా? చిల్లు పడలేదు గానీ మొన బెత్తెడు దిగిపోయింది. ఇక అటువైపు వెళ్ళను.

నమస్తే అండి. మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర మా టౌన్ చెరువు ఇది. మార్చి రెండో వారం. మనూళ్ళలో ఉగాదికి వేపపూత ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటుంటారు. ఇక్కడ మేము ఐస్ ఇంకెన్నాళ్ళుంటుందా అని లెక్కలేస్తుంటాం. చలికాలమంతా ముక్కుతూ మూలుగుతూ పడిన చేప ఈ రెండు మూడు వారాల్లో ఎగబడి తింటుంది. చిక్కేంటంటే, చేప ఎక్కడికి వస్తుందో ఐస్ అక్కడే ముందు పాడవుతుంది. ఈ వీడియో అంతా ఆ ఒక్క తగువు గురించే.

[దృశ్యం: చేత్తో గీసిన చెరువు బొమ్మ.]

నీళ్ళు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అందుకే ఆ నీళ్ళు అడుక్కి చేరతాయి, ఇంకా చల్లబడినవి పైన గడ్డకడతాయి. జనవరిలో చేపలు లోతుకి పోయేది ఆ కాస్త వెచ్చదనం కోసమే. కానీ ఐస్ మీద మంచు దుప్పటి పడితే వెలుతురు లోపలికి దిగదు. నాచు, గడ్డి కుళ్ళుతాయి. అడుగున ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది.

మార్చిలో పైమంచు కరుగుతుంది. ఆ నీళ్ళు గాలి కలుపుకుని ఒడ్డు పగుళ్ళలోంచి, పాత చిల్లుల్లోంచి, వాగు మూతిలోంచి లోపలికి దిగుతాయి. ఎండ మళ్ళీ గడ్డి దాకా చేరుతుంది. పురుగులు కదులుతాయి. వాటి వెనకాల బ్లూగిల్, క్రాపీ, ఎల్లో పర్చ్ అనే చిన్న చేపలు లోతు వదిలి 4 నుంచి 8 అడుగుల నీళ్ళలోకి వస్తాయి. వాటి కోసం బాస్ అనే వేట చేప వస్తుంది. బాస్ కూడా మన కొర్రమట్ట లాగే గడ్డిలో పొంచి ఉండి పట్టే రకం.

మరి వాగు మూతి దగ్గర ఐస్ ఎలా ఉంటుంది? చెరువు మొత్తంలో అన్నిటికన్నా పలచగా!

[దృశ్యం: అరచేతిలో ఐస్ ముక్క, దగ్గర నుంచి.]

ఇది ఒడ్డు దగ్గర తీసిన ముక్క. మందం చూడండి, జానెడు. బొటనవేలితో ఇలా నొక్కుతున్నాను... చూశారా, అగరుబత్తి కట్ట విప్పినట్టు నిలువు పుల్లలుగా విడిపోయింది. కింద పడితే గాజుముక్కల్లా గలగలమంటుంది. క్యాండిల్ ఐస్ అంటారు దీన్ని. ఎండకి ఐస్ స్ఫటికాల మధ్య అతుకులు ముందు కరుగుతాయి. మందం అలాగే ఉంటుంది, పట్టు పోతుంది.

నడవడానికి కనీసం 4 అంగుళాలు అని రాష్ట్ర వన్యప్రాణి విభాగం చెప్పే లెక్క కొత్తగా కట్టిన, అద్దంలాంటి ఐస్‌కి. తెల్లటి ఐస్‌కి దాంట్లో సగం బలమే. ఈ పుల్లల ఐస్‌కైతే ఏ లెక్కా లేదు. అందుకే టేపు కన్నా గునపాన్నే నేను నమ్ముతాను. ఇక్కడ స్పడ్ బార్ అని అమ్ముతారు, మన గునపానికి చుట్టమే.

ఒక పిట్టకథ. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అక్కడి చుట్టుపక్కల చెరువుల ఐస్‌ని ‘టస్కనీ’ అనే ఓడలో కలకత్తాకి పంపాడు. 180 టన్నులు బయల్దేరితే నాలుగు నెలల తరవాత 100 టన్నుల దాకా చేరింది. మద్రాసులో ఆ ఐస్ దాచడానికే 1842లో ఐస్ హౌస్ కట్టారు. మెరీనా ఎదురుగా గుండ్రంగా ఉంటుందే, ఇప్పటి వివేకానంద ఇల్లం, అదే. మద్రాసు తెలుగువాళ్ళు ఈ చెరువు నీళ్ళు తాగారో లేదో గానీ, ఈ ప్రాంతం ఐస్ చప్పరించే ఉంటారు.

[దృశ్యం: ఆగర్ తిప్పుతున్న చేతులు.]

సామాను. చేత్తో తిప్పే 6 అంగుళాల ఆగర్, అంటే వడ్రంగి బరమాకి పెద్దన్న. చిల్లులో ముక్కలు తోడడానికి జల్లిగరిటె. ఇక్కడ దానికి వేరే పేరు, వేరే ధర. నేను మాత్రం గారెలు తీసే గరిటే తెచ్చుకున్నాను. ఇంట్లో ఇంకా తెలియదు. రెండడుగుల బుల్లి గాలపు కర్ర, సన్నటి దారం, కొసన టంగ్‌స్టన్ జిగ్, అంటే బరువు అతికించిన బుల్లి గాలం, దానికి ఎరగా ఒక వ్యాక్స్ వర్మ్ పురుగు. సీసం మాత్రం వద్దు. లూన్ పక్షులు మింగి చస్తున్నాయని ఔన్సు లోపు సీసపు జిగ్‌లనీ బరువులనీ ఈ రాష్ట్రంలో 2012 నుంచి మంచినీటి చెరువుల్లో నిషేధించారు. లైసెన్సు ఫోన్‌లో ఉంచుకోండి.

చిల్లులన్నీ ముందే వేసేయండి, గడ్డి లోపలి నుంచి గడ్డి అంచు దాటేదాకా ఓ వరసలో. తరవాత చప్పుడు చెయ్యకండి. ఒక్కో చిల్లు దగ్గర ఐదు నిమిషాలు. రాకపోతే లేచి పక్కదానికి వెళ్ళండి.

[దృశ్యం: కర్ర కొసన స్ప్రింగ్, బాగా దగ్గరగా.]

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మనకి చిన్నప్పటి నుంచి బెండు మునిగితే లాగడం అలవాటు. క్రాపీ చాలాసార్లు కింద నుంచి వచ్చి ఎర నోట్లో పెట్టుకుని పైకి లేస్తుంది. అప్పుడు కర్ర కొసనున్న ఈ స్ప్రింగ్ కిందికి వంగదు, ఉన్న వంపు కూడా పోయి పైకి లేస్తుంది. చూడండి... చూడండి... ఆ, లేచింది! మణికట్టు తిప్పితే చాలు. నా మొదటి చలికాలమంతా నేను ఇలాంటివన్నీ వదిలేసి, చేపల్లేవని చెరువుని తిట్టుకున్నాను.

బాస్‌కి టిప్-అప్ పెడతాం. ఐస్ మీద అడ్డంగా కూర్చునే చట్రం, నీళ్ళలో మునిగిన చక్రం, బతికున్న షైనర్ చేప ఎర. పట్టగానే జెండా లేస్తుంది. ఒక మనిషికి ఐదు గాలాలే. జెండా లేవగానే పరిగెత్తకండి, ఇది మార్చి ఐస్. చట్ట ప్రకారం రోజుకి 5 బాస్‌లు, ఒక్కోటి 12 అంగుళాలు తగ్గకుండా ఉంచుకోవచ్చు. నేను మాత్రం వదిలేస్తాను. ఈ చలిలో నెమ్మదిగా పెరిగే చేప అది, మేలో గుడ్లు పెట్టాలి. వదిలేదాన్ని ఐస్ మీద పడుకోబెట్టకండి, తడి చేతుల్లోనే ఉంచి నీళ్ళలోకి జార్చండి.

[దృశ్యం: మధ్యాహ్నం. ఒడ్డు, ఐస్‌కీ మట్టికీ మధ్య రెండడుగుల నీళ్ళు.]

రెండేళ్ళ కిందట పర్చ్‌లు వరసగా పడుతుంటే రెండింటిదాకా కూర్చున్నాను. పొద్దున నడిచొచ్చిన ఒడ్డు తిరిగొచ్చేసరికి లేదు. రాత్రి గడ్డకట్టినది మధ్యాహ్నం విడిపోయింది. తొడదాకా దిగాను. లోతు లేదు కాబట్టి బూటు నిండా నీళ్ళతో పోయింది. లోతుంటే ఏం జరిగేదో తరవాత చదివి తెలుసుకున్నాను. దాన్ని 1-10-1 అంటారు. మొదటి నిమిషం ఊపిరి అదుపు చేసుకోవాలి. తరవాత 10 నిమిషాలే చేతులు మాట వింటాయి. స్పృహ పోవడానికి గంట దాకా పట్టొచ్చు. ఆ పది నిమిషాల్లోనే వచ్చిన వైపుకే తిరిగి, మెడలో వేలాడే మేకుల జత ఐస్‌లో గుచ్చి, కాళ్ళు తన్నుతూ పైకి పాకాలి. లేచి నిలబడకుండా దొర్లుకుంటూ రావాలి. ఆ రోజు నా మెడలో మేకులు లేవు. ఇప్పుడివిగో, తాయెత్తులా.

[దృశ్యం: గడియారం, పదకొండున్నర.]

అక్కడ, మూడో జెండా లేచింది. బాసే అయ్యుంటుంది. దాన్ని వదిలేసి మిగతావి పీకేస్తాను. బకెట్లో ఆరు పర్చ్‌లున్నాయి. తోలు తీసి, పసుపు, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి అరగంట. తరవాత పెనం మీద కరివేపాకుతో. గరిటె ఎక్కడని అడిగితే కారులోనే మర్చిపోయానని చెప్తాను.