పిల్లల బరువు కార్డులో ఆ గీతల వెనక ఉన్న లెక్క

హోస్ట్: అక్కా, ముందు మా ఇంటి సంగతే అడుగుతాను. మా చెల్లి కొడుక్కి ఆరు నెలలు. పుట్టినప్పుడు దగ్గర దగ్గర నాలుగు కిలోలు, బొద్దుగా ఉన్నాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఇప్పుడు బరువు కార్డులో వాడి చుక్క పై గీత నుంచి కింది గీతకు దిగుతోందని మా చెల్లికి నిద్ర పట్టడం లేదు.

అతిథి: ఆ టెన్షన్ నేనూ పడ్డాను. మా పాప చిన్నప్పుడు ఒక ఆసుపత్రిలో కార్డు చూసి "గీత కింద ఉందమ్మా" అని పంపేశారు. అది ఏ గీత, దాని కింద ఉంటే ఏమవుతుంది అని ఒక్కరూ చెప్పలేదు. ఆ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతుక్కుంటూ వెళ్తే టిమ్ కోల్ పేపర్లు దొరికాయి.

హోస్ట్: ఎవరాయన?

అతిథి: ఇంగ్లండ్‌లో మెడికల్ స్టాటిస్టీషియన్, అంటే వైద్యానికి సంబంధించిన గణాంకాలు చూసే నిపుణుడు. కేంబ్రిడ్జిలో డన్ న్యూట్రిషన్ యూనిట్, ఆ తర్వాత లండన్ యూసీఎల్‌లో పిల్లల ఆరోగ్య సంస్థ. కెరీర్ మొత్తం పిల్లల ఎదుగుదలను కొలిచే లెక్కల మీదే పెట్టారు. నీకు ఒక ఉదాహరణ చెప్తాను. డబ్ల్యూహెచ్ఓ పట్టికలో ఏడాది నిండిన మగపిల్లాడి మధ్యస్థ బరువు 9.6 కిలోలు, అంటే సగం మంది అంతకంటే తక్కువ, సగం మంది ఎక్కువ. మధ్యస్థం నుంచి కిందికి మూడో మెట్టు మీద గీసేది మైనస్ మూడు గీత, అది 6.9 దగ్గర ఉంటుంది; పైకి మూడో మెట్టు మీదది ప్లస్ మూడు గీత, అది 13.3 దగ్గర. ఇప్పుడు దూరాలు చూడు.

హోస్ట్: కింద 2.7, పైన 3.7. సమానంగా లేవే!

అతిథి: అదే అసలు సంగతి. బరువు పైకి సాగినంతగా కిందికి సాగదు. రెండు వైపులా సమానమనుకుని మామూలు గంట ఆకారపు లెక్క వేస్తే కింది గీత ఉండాల్సిన చోటు కంటే దిగువన పడుతుంది, నిజంగా చిక్కిపోయిన బిడ్డ "పర్లేదు" అనిపించుకుని ఇంటికెళ్లిపోతుంది. కోల్ 1988లో ఎల్ఎంఎస్ అనే పద్ధతి ప్రచురించారు. ప్రతి వయసుకీ మూడే సంఖ్యలు. ఎం అంటే మధ్యస్థం, ఎస్ అంటే బరువులు ఎంతగా చెదిరి ఉన్నాయో, ఎల్ అంటే ఎటువైపు ఎంత సాగి ఉన్నాయో. ఈ మూడూ తెలిస్తే ఏ బిడ్డ ఎక్కడుందో చిన్న కాలిక్యులేటర్‌తో తేల్చేయొచ్చు. 1992లో పీటర్ గ్రీన్ అనే మరో స్టాటిస్టీషియన్‌తో కలిసి ఆ సంఖ్యలు వయసుతో పాటు నునుపుగా మారేలా చేసే దారి కూడా చూపించారు. 2006 నాటి డబ్ల్యూహెచ్ఓ పట్టికలు తెరిచి చూడు, ఎల్, ఎం, ఎస్ అని మూడు వరుసలు కనిపిస్తాయి. మన అంగన్‌వాడీల్లో వాడే చార్టు గీతలు ఆ పట్టికలవే.

హోస్ట్: మనవాళ్లెవరూ ఈ పని చేయలేదా?

అతిథి: ఎందుకు లేదు! ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టీషియన్ సి.ఆర్.రావు గారు 1958లోనే ఎదుగుదల వక్రాలను పోల్చే పద్ధతుల మీద పేపరు రాశారు. ఆ పేరు చెప్పుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

హోస్ట్: సరే, మా చెల్లి కొడుకు సంగతి?

అతిథి: వస్తున్నా. బ్రిటన్‌లో అప్పట్లో అట్టడుగు గీత మూడో సెంటైల్ దగ్గర ఉండేది, అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే నూటికి ముగ్గురు దాని కింద పడతారు. ఆ తల్లుల పరిస్థితి ఊహించు. 1994లో కోల్ తొమ్మిది గీతలు గీద్దాం, అన్నిటికన్నా కిందిది 0.4 సెంటైల్ దగ్గర పెడదాం అన్నారు, అంటే 250 మందిలో ఒక్కరు. ఇక 1995లో నీ ప్రశ్నకే జవాబిచ్చే పని చేశారు. లావుగా పుట్టిన పిల్లలు మొదటి ఏడాదిలో మధ్య గీత వైపు దిగడం, తేలిగ్గా పుట్టినవాళ్లు పైకి రావడం మామూలే. కాబట్టి బిడ్డ ఏ గీత మీదుందని చూస్తే చాలదు, అంతకుముందు ఎక్కడుంది, అక్కణ్ణుంచి బయలుదేరిన బిడ్డ ఈ వయసుకి ఎంత పెరగాలి అని చూడాలి. ఆ లెక్కకు ఆయన వేరే చార్టు తయారుచేశారు. నా దృష్టిలో ఆయన చేసిన వాటిలో తల్లులకు ఎక్కువ పనికొచ్చేది ఇదే, మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

హోస్ట్: అంటే భయం లేదా?

అతిథి: చూడకుండా ఆ మాట అనను. పాలు బాగా తాగుతున్నాడా, ఈ మధ్య జ్వరం, విరేచనాలు ఏమైనా వచ్చాయా, ప్రతిసారీ ఒకే తూకం మీద, బట్టలు లేకుండా తూచారా? పుట్టినప్పటి నుంచి ఉన్న బరువులన్నీ తేదీలతో రాసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లమను. నాకూ ఆ కార్డు ఫోటో పంపమను, ఈ రాత్రే చూస్తాను.