అబ్జర్వేషన్ కోడ్లు పోయాయి, అబ్జర్వేషన్ పోలేదు

నమస్కారం. హైదరాబాదులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, డాక్టరు చేసిన పనికి బిల్లు కోసం కోడ్లు వేసే మెడికల్ కోడర్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. 2023 జనవరి మొదటి వారంలో ఆడిట్ కోసం నా దగ్గరకు వచ్చిన ఒక చార్టుతో మొదలుపెడతాను. డెబ్బై ఏళ్లు దాటిన ఒక మెడికేర్ (అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా వృద్ధులకు ఇచ్చే ఆరోగ్య బీమా) పేషెంటు 2022 డిసెంబర్ 31 సాయంత్రం ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చారు. డాక్టరు రాత్రి 10:15కు అబ్జర్వేషన్ ఆర్డర్ (చేర్చుకోవాలా, ఇంటికి పంపాలా అని తేలేవరకు అవుట్‌పేషెంట్‌గానే ఉంచి గమనించమనే ఆర్డర్) ఇచ్చి, 10:40కి పేషెంటును స్వయంగా చూసి నోట్ రాశారు. రాత్రంతా చేసిన ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్షల్లో పెరుగుదల కనిపించకపోవడంతో మరునాడు మధ్యాహ్నం 3 గంటలకు ఇంటికి పంపారు. కోడర్ మొదటి రోజుకు 99219, డిశ్చార్జికి 99217 వేశారు. మొదటి కోడ్ సరైనదే. రెండోది మాత్రం ఆ రోజు తెల్లవారేసరికి పుస్తకంలోనే లేదు. కోడ్ చెల్లుతుందా లేదా అన్నది క్లెయిమ్, అంటే బీమాకు పంపే బిల్లు, పంపిన తేదీని బట్టి కాక సేవ అందిన తేదీని బట్టి తేలుతుంది కాబట్టి, ఒకే పేషెంటుకు ఒకే బసలో మొదటి రోజు పాత కోడ్, రెండో రోజు కొత్త పద్ధతి ప్రకారం 99238 గానీ 99239 గానీ వేయవలసి వచ్చింది.

మారినది ఏమిటో ముందుగా చెబుతాను. 2023 జనవరి 1 నుంచి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన కోడ్ల పుస్తకమైన సీపీటీలోంచి 99217, 99218 నుంచి 99220 వరకు, 99224 నుంచి 99226 వరకు ఉన్న అబ్జర్వేషన్ కోడ్లన్నింటినీ తొలగించి, ఆ పనిని ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో అధికారికంగా చేర్చుకున్నవారి) కోడ్లలో కలిపింది. ఇప్పుడు మొదటి విజిట్‌కు 99221 నుంచి 99223, తరువాతి రోజులకు 99231 నుంచి 99233, ఒకే తేదీన చేరి అదే తేదీన వెళ్లినవారికి 99234 నుంచి 99236, డిశ్చార్జికి 99238, 99239 వాడాలి. ఆసుపత్రి తన వైపు నుంచి గంటల లెక్కన వేసే జీ0378 మాత్రం అలాగే ఉంది. ఫెసిలిటీ కోడింగ్, అంటే ఆసుపత్రి బిల్లుల కోడింగ్, చేసేవారు ఈ మార్పును చూసి కంగారుపడనక్కరలేదు.

నా దృష్టిలో ఇది మంచి మార్పు. అబ్జర్వేషన్‌లో ఉన్న పేషెంటును చూసినా, ఇన్‌పేషెంట్‌ను చూసినా డాక్టరు పెట్టే ఆలోచన ఒకటే అయినప్పుడు, రెండు వరుసల కోడ్లు ఉండడానికి బలమైన కారణం లేదు. పైగా హిస్టరీలో ఎన్ని అంశాలు ఉన్నాయి, ఎగ్జామ్‌లో ఎన్ని అవయవాలు చూశారు అని లెక్కపెట్టే పని పోయింది. హిస్టరీ, ఎగ్జామ్ వైద్యపరంగా తగినంత ఉంటే చాలు. లెవెల్‌ను, అంటే వరుసలో ఏ కోడ్ వేయాలన్నదాన్ని, ఎండీఎం, అంటే డాక్టరు నిర్ణయంలోని క్లిష్టత ద్వారా గానీ, ఆ తేదీన డాక్టరు ఆ పేషెంటు కోసం వెచ్చించిన మొత్తం సమయం ద్వారా గానీ నిర్ణయిస్తాం. సమయం ఆధారంగా వేస్తే 99221కి 40, 99222కి 55, 99223కి 75 నిమిషాలు ఉండాలి. పాత 99220కి చూపిన 70 నిమిషాలను గుర్తుపెట్టుకుని 99223 వేసిన చార్టులు నేను చూశాను. అక్కడ 5 నిమిషాలు తక్కువైతే 99222కే దిగాలి.

అయితే ఎక్కువ తప్పులు లెవెల్ దగ్గర జరగడం లేదు, తేదీల దగ్గర జరుగుతున్నాయి. మెడికేర్ విషయంలో ఎనిమిది గంటల నిబంధనను చార్టు తెరిచిన వెంటనే గుర్తు చేసుకోవాలి. పేషెంటు ఎనిమిది గంటల కన్నా తక్కువ సమయం ఉంటే, తేదీ మారినా మారకపోయినా, 99221 నుంచి 99223 వరకు ఉన్న కోడ్లలో ఒకటి మాత్రమే వేసి, డిశ్చార్జి కోడ్‌ను వదిలేయాలి. ఎనిమిది గంటలు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, చేరడం, వెళ్లడం ఒకే తేదీన జరిగితే 99234 నుంచి 99236 వరకు చూడాలి. అంత సమయం ఉండి తేదీ మారితే మొదటి రోజుకు ఒక కోడ్, డిశ్చార్జికి ఒక కోడ్ పడతాయి. ఉదయం 7:10కి చేరి సాయంత్రం 5:30కి వెళ్లిన పేషెంటు, రాత్రి 11:20కి చేరి తెల్లవారి 5 గంటలకు వెళ్లిన పేషెంటు పక్కపక్కన పెడితే, రెండో వ్యక్తి విషయంలో తేదీ మారిందన్న ఒక్క కారణంతో డిశ్చార్జి కోడ్ వేయబోతాం. కాని ఆయన ఉన్నది 5 గంటల 40 నిమిషాలే. మరో సంగతి ఏమిటంటే, 99234 వరుస వేయాలంటే అదే తేదీన డాక్టరు కనీసం రెండుసార్లు, చేర్చేటప్పుడు ఒకసారి, పంపేటప్పుడు ఒకసారి, చూసినట్టు చార్టులో ఉండాలి. డాక్టరు రాత్రి 11:40కి మొదలుపెట్టి 12:20 వరకు ఆపకుండా చూస్తే అది ఒకే సేవ, ఆ సమయమంతా రిపోర్టు చేసిన ఒక్క తేదీకే చెందుతుంది.

అబ్జర్వేషన్‌లో ఉన్న వ్యక్తిని రెండో రోజు ఇన్‌పేషెంట్‌గా మార్చినప్పుడు పాత అలవాటు బలంగా లాగుతుంది. 2022 వరకు ఆ రోజున ఇనిషియల్ (మొదటి విజిట్) ఇన్‌పేషెంట్ కోడ్ వేసేవాళ్లం. ఇప్పుడు సీపీటీ ప్రకారం అబ్జర్వేషన్ నుంచి ఇన్‌పేషెంట్‌కు మారడం కొత్త బస కాదు. కాబట్టి ముందు రోజు చూసిన డాక్టరే, లేదా అదే గ్రూపులో అదే స్పెషాలిటీకి చెందిన డాక్టరు, మళ్లీ చూస్తే 99231 నుంచి 99233 వరకు ఉన్న కోడ్లే వర్తిస్తాయి. నోట్ పైన "అడ్మిషన్ హెచ్ అండ్ పీ" (చేర్చేటప్పుడు రాసే హిస్టరీ, ఎగ్జామ్ నోట్) అని పెద్ద అక్షరాలతో ఉన్నా, శీర్షికను చూసి ఇనిషియల్ వేయకండి. ఆ బసలో ఆ గ్రూపు నుంచి అంతకుముందు నోట్ ఉందా అని వెనక్కి వెళ్లి చూడండి.

కోడ్ ఒకటే అయ్యాక ఆర్డర్ ఎందుకు చదవాలి అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ ముగించి నేరుగా ప్రొడక్షన్‌లో కూర్చున్నవారికి ఈ సందేహం రావడం సహజమే. 99222 అన్న అంకె ఇప్పుడు పేషెంటు స్థితిని చెప్పదు కాబట్టి, ఆ స్థితి క్లెయిమ్‌లో ప్లేస్ ఆఫ్ సర్వీస్, అంటే సేవ ఎక్కడ అందిందో చెప్పే రెండంకెల కోడ్, ద్వారా తెలియాలి. ఆసుపత్రి ఆవరణలో అబ్జర్వేషన్‌లో ఉన్నవారు అవుట్‌పేషెంట్లే గనుక 22, ఇన్‌పేషెంట్ అయితే 21 వేయాలి. ఆసుపత్రి బిల్లు అవుట్‌పేషెంట్ అని చెబుతూ, డాక్టరు బిల్లు 21 అని చెబితే ఆ రెండూ పొసగవు, క్లెయిమ్ వెనక్కి వస్తుంది. 2013 అక్టోబర్ నుంచి అమలులో ఉన్న రెండు అర్ధరాత్రుల నిబంధన కూడా చెక్కుచెదరలేదు. పేషెంటు కనీసం రెండు అర్ధరాత్రులు దాటి ఆసుపత్రిలో ఉండవలసి వస్తుందని డాక్టరు భావించినప్పుడే సాధారణంగా ఇన్‌పేషెంట్ ఆర్డర్ నిలబడుతుంది.

ఈ తేడా మంచం మీద ఉన్న మనిషికి మనకన్నా చాలా ఎక్కువ ముఖ్యం. ఇన్‌పేషెంట్ బస మెడికేర్ పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా) కిందకు, అబ్జర్వేషన్ పార్ట్ బీ (డాక్టరు, అవుట్‌పేషెంట్ సేవల బీమా) కిందకు వస్తాయి. ఆసుపత్రి నుంచి స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీకి (ఆసుపత్రి తరువాత నర్సుల సంరక్షణ ఇచ్చే కేంద్రానికి) వెళ్లవలసిన వృద్ధురాలికి ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వం నేరుగా నడిపే మెడికేర్) ఆ ఖర్చు భరించాలంటే వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి తీరాలి. అబ్జర్వేషన్‌లో గడిపిన రోజులు ఆ మూడింటిలో లెక్కకు రావు. అదే వార్డులో, అదే మంచం మీద, అదే నర్సు సంరక్షణలో ఉన్న ఆమెకు తాను అవుట్‌పేషెంట్‌నని తెలిసే వీలే ఉండేది కాదు. అందుకే 2015లో అమెరికా చట్టం చేసి, 24 గంటలకు పైగా అబ్జర్వేషన్‌లో ఉన్న మెడికేర్ పేషెంటుకు, అబ్జర్వేషన్ మొదలైన 36 గంటల లోపు, మూన్ అని పిలిచే నోటీసు ఇచ్చి నోటితో కూడా వివరించాలని ఆసుపత్రులను ఆదేశించింది. సంతకం చేసిన ఆ కాగితం చాలాసార్లు స్కాన్ చేసిన పత్రాల చివరలో ఉంటుంది. ఆర్డర్ అస్పష్టంగా ఉన్న చార్టులో నేను ముందుగా దానినే వెతుకుతాను. అది ఉండి, క్లెయిమ్‌లో 21 ఉంటే, తరువాత ఇన్‌పేషెంట్ ఆర్డర్ ఏ తేదీన, ఏ గంటకు వచ్చిందో కనిపించేవరకు ఆ క్లెయిమ్‌ను ముందుకు పంపను.