ఫుటీలో పాత మజా నిజంగానే పోయిందా? ప్యారమాటా నుంచి నా గోల

నమస్తే అండీ, ఈరోజు వంట లేదు, ఇండియన్ స్టోర్ షాపింగ్ లేదు. సిడ్నీలోని ప్యారమాటా స్టేషన్‌లో దిగి కామ్‌బ్యాంక్ స్టేడియం వైపు నడుస్తున్నాం, ఈ నీలం పసుపు జెర్సీల జనమంతా అక్కడికే. మ్యాచ్ క్లిప్పులు పెడితే కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది కాబట్టి జనాన్ని, దారిని, నా మొహాన్ని చూసుకుంటూ వినండి.

సిడ్నీలో ఫుటీ అంటే రగ్బీ లీగ్. హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఈ స్టేడియం పక్కనుంచే రోజూ ఆఫీసుకి వెళ్తారు కానీ లోపలికి అడుగు పెట్టరు. మా ఇంట్లో అలా కుదరదు, ఎందుకంటే మా పక్కింటి పెద్దాయన పుట్టినప్పటి నుంచి ఇక్కడి క్లబ్ ప్యారమాటా ఈల్స్ మనిషి, కంచె దగ్గర కనబడితే చాలు మా ఆయన్ని పట్టుకుని ఒకటే పాట: ఇప్పటి ఆటలో నైపుణ్యం లేదు, మజా లేదు, అంతా మరబొమ్మలు. మా ఆయనేమో దానికి రివర్స్. ఇద్దరి మధ్యా టీ కప్పులు పట్టుకుని నిలబడేది నేను, కాబట్టి ఈ విషయంలో నా తీర్పు నేను చెప్పేస్తా.

కొత్తవాళ్ళకి రెండు ముక్కల్లో ఆట చెప్తాను. జట్టుకి 13 మంది. బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడమే ట్యాకిల్. బంతి ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్ వరకే అవకాశం, దాన్నే ఒక సెట్ అంటారు, ఆలోపు లైన్ దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్ళకి. అందుకే ఐదు ట్యాకిల్స్ అవగానే దాదాపు అందరూ కాలితో తంతారు. అంతే, మిగతాది చూస్తుంటే అదే వస్తుంది.

పెద్దాయన చెప్పే బంగారు కాలం 1980ల ఈల్స్ జట్టు. పీటర్ స్టెర్లింగ్, బ్రెట్ కెన్నీ, రే ప్రైస్, మిక్ క్రోనిన్. 1981, 82, 83 వరసగా మూడు టైటిల్స్, ఆ మూడు ఫైనల్స్‌లోనూ కెన్నీ రెండేసి ట్రైలు కొట్టాడు. 1981లో మొదటిసారి గెలిచిన రాత్రి అభిమానులు ఆనందం పట్టలేక సొంత గ్రౌండ్ కంబర్లాండ్ ఓవల్ స్టాండునే తగలబెట్టేశారు, ఆ గ్రౌండ్ ఉన్నది సరిగ్గా ఇప్పుడు మనం వెళ్తున్న చోటే. సరే, గొప్ప జట్టే, ఎవరు కాదన్నారు. కానీ 1986 ఫైనల్ సంగతి? ఈల్స్ ఆఖరుసారి టైటిల్ గెలిచింది అప్పుడే, స్కోరు ఎంతో తెలుసా అండీ, 4-2. ఒక్క ట్రై కూడా లేదు, అన్నీ పెనాల్టీ గోల్సే. ఇవాళ అలాంటి మ్యాచ్ వస్తే ఈ పెద్దాయనే హాఫ్ టైమ్‌కి ముందే టీవీ కట్టేసి పడుకుంటాడు. గెలిచాం కాబట్టి అది ఆయనకి మహా గొప్ప మ్యాచ్ అయి కూర్చుంది.

నైపుణ్యం తగ్గిందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. అప్పటి ఆటగాళ్ళలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్ళు, ఇప్పటివాళ్ళకి ఇదే ఉద్యోగం. ఈ కాలం వింగర్లని, అంటే గీత పక్కన అంచుల్లో ఆడేవాళ్ళని చూడండి, ఒళ్ళంతా గీత బయట గాల్లో ఉంటుంది, ఒంటి చేత్తో బంతిని మూల జెండా పక్కన లోపల పెడతారు, సర్కస్ వాళ్ళు కూడా దండం పెట్టాలి. మునుపు ఆ మూల కర్రకి తగిలితే అవుట్, ఇప్పుడు ఆ రూల్ తీసేశారు కాబట్టే ఇంత విన్యాసం సాధ్యమైంది. 2023 ఫైనల్ తీసుకోండి, బ్రిస్బేన్ మీద 24-8తో వెనకబడ్డ పెన్రిత్‌ని వాళ్ళ హాఫ్‌బ్యాక్, అంటే ఆట నడిపించేవాడు, నేథన్ క్లియరీ దాదాపు ఒంటిచేత్తో లాక్కొచ్చి 26-24తో గెలిపించాడు. అందులో నైపుణ్యం లేదంటే ఇంకెందులో ఉంది?

ఇంకోటి, టీవీలో కెమెరా బంతి వెనకే తిరుగుతుంది. స్టేడియంలో పైన కూర్చుంటే డిఫెన్స్ లైన్ మొత్తం ఒకేసారి పక్కకి జరగడం, ఉత్తుత్తి పరుగులు తీసేవాళ్ళు ఎవర్ని బోల్తా కొట్టిస్తున్నారో, అన్నీ కనిపిస్తాయి. టికెట్ డబ్బులు దానికే.

అయితే పెద్దాయన కోపంలో ఒక నిజం ఉంది, ఆయన దాన్ని సరిగ్గా చెప్పలేకపోతున్నాడు అంతే. పోయింది నైపుణ్యం కాదు, తెగింపు. ముందు బంతి కోసం కొట్లాట ఉండేది, రెండు జట్ల వాళ్ళు తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో బంతి ఎవరికి వస్తుందో గ్యారంటీ ఉండేది కాదు, ట్యాకిల్ అయ్యాక బంతిని వెనక్కి నెట్టేటప్పుడు కూడా ఎదుటివాడు కాలు పెట్టి లాక్కునేవాడు. ఇప్పుడు స్క్రమ్ అంటే ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. ట్యాకిల్‌లో పడిపోతూ పక్కవాడికి బంతి అందించే ఆఫ్‌లోడ్ అంటే కోచ్‌లకి గుండె దడ, ఎందుకంటే జారితే సెట్ పోతుంది, వాళ్ళకి ఎన్ని సెట్లు బంతి జారకుండా పూర్తయ్యాయన్న లెక్కే ముఖ్యం. ముగ్గురు కలిసి ఒకణ్ణి వెల్లకిలా తిప్పి పడుకోబెట్టి టైమ్ లాగే కుస్తీ వేరే.

ఆ కుస్తీ ఆపడానికే 2020లో, కోవిడ్ విరామం తర్వాత మే నెలలో సీజన్ మళ్ళీ మొదలైనప్పుడు, సిక్స్ అగైన్ తెచ్చారు. ట్యాకిల్ దగ్గర ఎదుటివాళ్ళు ఆలస్యం చేస్తే పెనాల్టీ కోసం ఆట ఆపకుండా మళ్ళీ ఒకటి నుంచి ఆరు ట్యాకిల్స్. స్పీడ్ బ్రహ్మాండంగా పెరిగింది. 2021లో ఆఫ్‌సైడ్‌కీ, అంటే ట్యాకిల్ అయ్యాక డిఫెన్స్ వాళ్ళు సరిపడా వెనక్కి వెళ్ళకపోయినా, అదే పెట్టారు, అప్పుడు చూడాలి, ఒకసారి వెనకబడ్డ జట్టుకి బంతే దొరకదు, ఊపిరి అందదు, స్కోర్లు ఏకపక్షంగా పోయాయి. మెల్బోర్న్ స్టార్మ్ వరసగా 19 మ్యాచ్‌లు గెలిచి 1975 నాటి ఈస్టర్న్ సబర్బ్స్ రికార్డుని అందుకుంది. ఆ పరంపర తెంచింది ఎవరో మాత్రం అడగండి, మన ఈల్సే! 2022లో మళ్ళీ రూల్ కొంచెం సడలించారు.

నా అభ్యంతరం స్పీడ్ మీద కాదు. మన ప్రో కబడ్డీలో డూ ఆర్ డై రెయిడ్ ఉంది కదా, రెండు రెయిడ్లు ఖాళీగా వచ్చాక మూడోసారి పాయింట్ తేవాల్సిందే, లేకపోతే అవుట్. ఆ రూల్ మనిషిని తెగించేలా చేస్తుంది. సిక్స్ అగైన్ తిరగేసి పనిచేస్తుంది, నేరుగా ముందుకు పరిగెత్తి పడిపోతే చాలు ఇంకో ఆరు దొరికే ఛాన్స్ ఉన్నప్పుడు ఎవడండీ గాల్లోకి పాస్ వేసి రిస్క్ చేసేది?

నన్ను అడిగితే మందు అలసటలో ఉంది. 90లలో కొన్నాళ్ళు ఎన్నిసార్లైనా ఆటగాళ్ళని మార్చుకోనిచ్చారు, తర్వాత 2001లో మ్యాచ్‌కి 12 మార్పులు, 2008లో 10, 2016లో 8. ఆరుకి దించండి. ముందుండి గుద్దుకునే అంత బరువున్న ఫార్వర్డ్‌లు ఆఖరి ఇరవై నిమిషాల్లో నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే, చిన్న సైజు హాఫ్‌బ్యాక్‌కి సందు దొరుకుతుంది, అప్పుడు చెప్పకపోయినా పాస్‌లు వేస్తారు. పిడిగుద్దులు మాత్రం మళ్ళీ రావద్దు. 1973 ఫైనల్ పాత వీడియో చూస్తే అది ఆటా తగాదానా అర్థం కాదు, మా వాడు కూడా స్కూల్లో ఆడుతున్నాడు, తల మీద ట్యాకిల్స్‌కి రెఫరీలు కఠినంగా ఉండటం నాకు ఇష్టమే.

తెగింపు ఇప్పుడే చూడాలనుందంటే క్లబ్ మ్యాచ్‌లు వదిలేసి పసిఫిక్ ద్వీప దేశాలు టోంగా, సమోవా ఆడేటప్పుడు పెట్టండి. 2022 వరల్డ్ కప్ సెమీస్‌లో సమోవా ఇంగ్లండ్‌ని వాళ్ళ సొంత గడ్డ మీద 27-26తో, గోల్డెన్ పాయింట్‌లో, అంటే అదనపు సమయంలో ముందు పాయింట్ కొట్టినవాళ్ళే గెలిచే ఆటలో, స్టీఫెన్ క్రైటన్ గోల్ పోస్టుల మధ్యకి తన్నిన ఒక్క పాయింట్ ఫీల్డ్ గోల్‌తో ఓడించింది. ఆ మ్యాచ్ చూపిస్తే పెద్దాయన ఏమంటాడో చూడాలని మా ఆయన లింక్ పంపాడు, ఆయనకి వాట్సాప్‌లో లింక్ తెరవడం రాదట, రేపు లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికే వెళ్తున్నాడు.