గుంటూరులో డిక్రీ, బెంగళూరులో బాకీదారు: వసూలు ఎలా?

గుంటూరు కోర్టులో ప్రాంసరీ నోటు దావా గెలిచారు, డిక్రీ, అంటే బాకీ కట్టమనే కోర్టు ఉత్తర్వు, చేతికొచ్చింది. బాకీదారు మాత్రం బెంగళూరుకు కాపురం మార్చేశాడు. అక్కడ మళ్ళీ దావా వెయ్యాలా? అక్కర్లేదండీ. డిక్రీనే అక్కడికి పంపించుకోవచ్చు.

దానికంటే ముందు ఆయన ఉద్యోగం ఏమిటో కనుక్కోండి. ప్రభుత్వ ఉద్యోగి అయితే డిక్రీ కదలక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 48 ప్రకారం, జీతమిచ్చే అధికారి ఎక్కడున్నా గుంటూరు కోర్టే జీతం జప్తు చేయొచ్చు. ప్రైవేటు ఉద్యోగికి రూల్ 48-ఏ. అక్కడ జీతమిచ్చే అధికారి ఆ కోర్టు పరిధిలోనే ఉండాలి. ఈ తేడా చూసుకోకుండా బెంగళూరు దాకా కాగితాలు తిప్పేవాళ్ళున్నారు.

జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు. లెక్కలోకొచ్చే జీతం 31,000 అయితే నెలకు 10,000 దొరుకుతుంది. అదీ ఒక డిక్రీకి 24 నెలలే. అంటే మొత్తం 2,40,000. బాకీ 6 లక్షలుంటే ఆస్తి వెతకాల్సిందే.

బెంగళూరులో ఫ్లాటు దొరికిందనుకోండి. సెక్షన్ 39 కింద గుంటూరు కోర్టులోనే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వెయ్యాలి. డిక్రీ నకలు, ఇంకా ఎంత రావాలో చెప్పే సర్టిఫికెట్ ఆ కోర్టు నేరుగా అక్కడికి పంపుతుంది. మధ్యలో ముట్టిన డబ్బు అందులో తగ్గించి చూపించాలి, లేకపోతే అవతలివాళ్ళు పట్టుకునేది ముందు దాన్నే.

అసలు దెబ్బ తినేది తర్వాత. కాగితాలు చేరినంత మాత్రాన అక్కడి కోర్టు తనంతట తను కదలదు. అక్కడ ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమనే పిటిషన్, వెయ్యాలి, అదీ డిక్రీ అమలుకున్న 12 ఏళ్ళ గడువులోపు. ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేశామని గడువు ఆగదు.

డిక్రీకి రెండేళ్ళు దాటితే సాధారణంగా ముందు నోటీసు వెళ్తుంది. అది అందగానే ఫ్లాటు అమ్మేసే ఘనులుంటారు. అందుకే సెక్షన్ 46 ప్రిసెప్ట్, అంటే ముందస్తు జప్తు కోసం ఒక కోర్టు ఇంకో కోర్టుకు పంపే ఉత్తర్వు, అడగండి. గుంటూరు కోర్టు కోరితే బెంగళూరు కోర్టు ముందే జప్తు చేస్తుంది. గడువు పొడిగించకపోతే అది 2 నెలలే నిలుస్తుంది. ఆలోపు డిక్రీ అక్కడికి చేరాలి, అమ్మకానికి దరఖాస్తు పడాలి.

ఇక అరెస్టు. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అరెస్టు చేయరు. మగవాళ్ళ విషయంలోనూ, ఇచ్చే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడనో, ఆస్తి దాచేశాడనో చూపించాలి. బాకీ 5,000 దాటితే జైలు గరిష్ఠంగా 3 నెలలు. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది, అదే డిక్రీకి మళ్ళీ అరెస్టు మాత్రం ఉండదు.