శనివారం రగ్బీ ఆడేవాళ్లపై కొత్త నిబంధనల భారం

నమస్కారం. రగ్బీలో నిబంధన మారిన ప్రతిసారీ ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఆటగాళ్ల తలలకు రక్షణ కోసమే కదా మార్చారు, చిన్న క్లబ్బులకు అభ్యంతరం ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధిస్తోంది, ఎందుకంటే వారమంతా పని చేసుకుని శనివారం ఆడేవాళ్ల చిన్న క్లబ్బులు భద్రతకు వ్యతిరేకమన్న నింద ఇందులో దాగి ఉంది. ఆ నింద ఎందుకు తప్పో ఇంగ్లండ్‌లో 2023లో జరిగినదాన్ని తీసుకుని వివరిస్తాను.

ఆ ఏడాది జనవరి 19న ఇంగ్లండ్‌లో రగ్బీని నడిపే సంస్థ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఒక నిర్ణయం ప్రకటించింది. పురుషుల నేషనల్ వన్ లీగ్ (పై నుంచి మూడో స్థాయి), దాని కింది స్థాయి మ్యాచ్‌లన్నిటిలో జులై 1 నుంచి ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాడిని పట్టి ఆపడం) నడుము దగ్గర గానీ అంతకంటే కింద గానీ ఉండాలి. అప్పటివరకు భుజాల ఎత్తు దాకా పట్టుకోవచ్చు. ఉద్దేశం మంచిదే. నిటారుగా నిలబడి పట్టేవాడి తల ఎదుటివాడి తలకు దగ్గరగా ఉంటుంది కనుక దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది. 2018లో యువ ఆటగాళ్ల మరణాలు చూసిన ఫ్రాన్స్, 2019లోనే అమెచ్యూర్ ఆటలో నడుము నిబంధన తెచ్చింది. ట్యాకిల్ ఎత్తు తగ్గించడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను.

అయితే ఈ మార్పు కింది స్థాయికి ఎలా చేరుతుందో మనకు బాగా తెలిసిన కబడ్డీతో చూద్దాం. ఊరి జట్టులో ఒక డిఫెండర్ ఏళ్ల తరబడి రైడర్‌ను ఛాతీ దగ్గర అడ్డుకుంటూ, మిగతావాళ్లు వచ్చి చుట్టేసేదాకా ఆపుతూ ఆడుతున్నాడు. వచ్చే సీజన్ నుంచి నడుము పైన చేయి పడితే పాయింట్ పోతుందని అతనికి చెప్పారనుకోండి. ప్రో కబడ్డీ జట్టుకైతే శిబిరం, కోచ్‌లు, ఫిజియో ఉంటారు, అలవాటు మార్చుకోవడానికి రోజంతా సమయం ఉంటుంది. ఊరి డిఫెండర్ మాత్రం పని ముగించుకుని, చీకటి పడేలోగా దొరికిన కాస్త సమయంలోనే నేర్చుకోవాలి. కింద పట్టడం సరిగా రానివాడి తల నేరుగా రైడర్ మోకాలికి తగులుతుంది. ఇంగ్లండ్ క్లబ్బుల కోచ్‌ల భయం సరిగ్గా ఇదే: వంగి పట్టే పద్ధతి నేర్పడానికి వ్యవధి లేకపోతే, తల తలను తాకే ప్రమాదం తగ్గినా తల తొడను, మోకాలిని తాకే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు అదే రైడర్ గీత అందుకోవడానికి ముందుకు వంగి దూకాడనుకోండి. డిఫెండర్ ఎక్కడ పట్టాలి? రగ్బీలో ట్రై లైన్‌కు (దాటి బంతిని నేలకు ఆనిస్తే పాయింట్లు వచ్చే గీతకు) ఐదు మీటర్ల దూరంలో బంతి పట్టుకున్నవాడు దాదాపు నేలకు సమాంతరంగా దూసుకొస్తాడు. అతని నడుము కంటే తలే ముందు వస్తుంది. ఈ చిక్కును తీర్చవలసినవాడు ఒక్క రిఫరీ. ప్రో కబడ్డీలో సందేహం వస్తే రివ్యూ అడుగుతారు, ఊరి పోటీలో విజిల్ పట్టుకున్నవాడి కళ్లే ఆధారం. ఆ స్థాయి రగ్బీలోనూ అంతే. తెర మీద రీప్లే చూసి చెప్పే అధికారి ఉండడు, గీత దగ్గర జెండా పట్టుకునేది తరచుగా ఏదో ఒక క్లబ్బు మనిషే.

అందుకే పదుల వేల మంది నిరసన పత్రంపై సంతకాలు చేశారు. ఆ నెల ముగియకముందే యూనియన్ క్షమాపణ చెప్పింది. క్లబ్బులతో చర్చించిన తరువాత హద్దును నడుము నుంచి ఛాతీ ఎముక కింది అంచుకు మార్చి, బంతి పట్టుకున్న ఆటగాడు చివరి క్షణంలో హఠాత్తుగా వంగడంపైనా దృష్టి పెట్టింది. ముందే అడిగి ఉంటే తొలి ప్రకటనే ఇలా ఉండేదని నా గట్టి నమ్మకం. ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది: పై లీగుల్లో భుజాల హద్దే కొనసాగుతుంది కనుక, అక్కడి నుంచి నేషనల్ వన్ క్లబ్బుకు కొన్ని వారాలు ఆడడానికి వచ్చినవాడు శరీరానికి అలవాటైన ఎత్తును ఆ వారమే మార్చుకోవాలి.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. స్క్రమ్‌లో రెండు జట్ల ఆటగాళ్లు వంగి ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడతారు, దాని ముందు వరుసలో శిక్షణ పొందినవాళ్లే ఉండాలి. 23 మందితో వచ్చిన జట్టులో అలాంటివాళ్లు ఆరుగురు కావాలి, 15 మందే ఉంటే ముగ్గురు చాలు. ఆ ముగ్గురిలో ఒక ప్రాప్ (ముందు వరుసలో పక్కన నిలబడేవాడు) గాయపడితే మిగిలిన మ్యాచ్ అంతా నెట్టుకోని స్క్రమ్‌లతో సాగుతుంది, స్క్రమ్‌నే నమ్ముకున్న జట్టు బలం అక్కడితో పోతుంది. 2021లో వచ్చిన 50:22 నిబంధన ప్రకారం, సొంత సగంలోంచి తన్నిన బంతి మైదానంలో నేలకు తగిలి, ప్రత్యర్థి 22 మీటర్ల ప్రాంతంలో పక్క గీత దాటి బయటికి వెళితే, లైన్‌అవుట్‌లో (బంతిని తిరిగి లోపలికి విసిరి ఆట మొదలుపెట్టడంలో) బంతి విసిరే అవకాశం తన్నిన జట్టుకే దక్కుతుంది. తన్నినవాడి పాదం సగం గీతకు ఇవతల ఉందో లేదో, బంతి అవతల ఎక్కడ బయటికి వెళ్లిందో ఒక్క మనిషి ఒకేసారి ఎలా చూడగలడు?

చివరిగా, న్యూజిలాండ్ కమ్యూనిటీ రగ్బీలోని బ్లూ కార్డు గురించి చెప్పాలి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే రిఫరీ ఆ కార్డు చూపిస్తాడు. ఆటగాడు ఆ రోజు తిరిగి దిగకూడదు, వైద్యుడి అనుమతి లేకుండా తరువాతి మ్యాచ్‌లకూ రాకూడదు. మైదానం పక్కన పరీక్షించే వైద్యుడు ఉండడన్న వాస్తవాన్ని లెక్కలోకి తీసుకుని, రిఫరీ చేతికే ఆ అధికారం ఇచ్చిన నిబంధన ఇది. ఇందువల్ల ఆ ఒక్క ప్రాప్‌నూ కోల్పోయి జట్టు మ్యాచ్ ఓడవచ్చు, ఆ నష్టం న్యాయమైనదేనని నేను భావిస్తాను.